ఇంగ్లండులో నా రెండో కాన్పు: అడిగిన మిడ్‌వైఫ్‌లు, అడగని మిడ్‌వైఫ్‌లు

ఇంగ్లండులో పురుడు పోసుకోబోయే తెలుగు అమ్మాయిలు నాకు ఫోను చేసినప్పుడు మొదట డబ్బు సంగతి అడుగుతారు. దానికి జవాబు చిన్నది. పని వీసా మీద వచ్చినవాళ్లం, వాళ్ల మీద ఆధారపడి వచ్చినవాళ్లం ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌చార్జ్ ముందే కట్టి ఉంటాం కనుక కాన్పుకు విడిగా బిల్లు రాదు. గర్భిణిగా నమోదయ్యాక డాక్టరు రాసే మందులూ ఉచితమే. సాయానికి సందర్శకుల వీసా మీద వచ్చే అమ్మకో అత్తగారికో మాత్రం బీమా తప్పకుండా తీసుకోవాలి.

ఆ తర్వాత కాస్త ఆగి రెండో ప్రశ్న వేస్తారు. "అక్కా, వాళ్లకు మన పద్ధతులు తెలుసా? మనల్ని అర్థం చేసుకుంటారా?" దీనికి చిన్న జవాబు లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నా మొదటి కాన్పు ఖమ్మంలో, పుట్టింటి దగ్గర జరిగింది. అది ప్రైవేటు ఆసుపత్రి, పేరు చెప్పను. డాక్టరమ్మ తెలుగు, నర్సులు తెలుగు, ఆయా మా పక్క వీధి మనిషి. నా భాష, నా ఇల్లు, నా పండుగలు, నా తిండి అన్నీ వాళ్లకు తెలుసు. నొప్పులతో లోపలికి వెళ్లగానే రెండు జడలు వేశారు, గాజులు తీశారు, మెడలోని పుస్తెలతాడు ఒక్క మాటైనా అడగకుండా తీసి కాగితంలో చుట్టి బయట ఉన్న అమ్మ చేతిలో పెట్టారు. లోపల నా మనిషి అంటూ ఎవరూ లేరు. నొప్పి ఆగక అరిస్తే ఒక నర్సు అంది, "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు?" ఈ మాట రాయడానికి నాకు సంకోచం లేదు. ప్రసవం గదిలో ఈ మాట విన్న ఆడవాళ్లు మన దగ్గర లెక్కలేనంత మంది ఉన్నారు. వెల్లకిలా పడుకోబెట్టి, ఒకామె మోచేత్తో పొట్ట మీద నొక్కుతుండగా, కింద కోత వేసి బిడ్డను తీశారు. ఇంటికి వచ్చాక అందరూ సుఖప్రసవం అన్నారు. బిడ్డ ఆరోగ్యంగా ఉంది కాబట్టి నేనూ అలాగే అన్నాను.

మంత్రసానికి గానీ నర్సుకు గానీ మన ఆచారం తెలిసి ఉండటం ఒకటి, మనల్ని మనిషిగా పలకరించడం ఇంకొకటి. రెండోది లేకపోతే మొదటిది ఉన్నా అక్కరకు రాదు. ఇంగ్లండులో ఈ విషయం నాకు ఇంకా బాగా తెలిసొచ్చింది.

ఇక్కడ గర్భం నిలిచిందని తెలిశాక డాక్టరు దగ్గరికి పరుగెత్తనక్కరలేదు. ఆసుపత్రి వెబ్‌సైటులో మనమే నమోదు చేసుకుంటే పదో వారంలోపు మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చూడటానికి శిక్షణ పొందిన ఆమె, పిలుస్తుంది. ఏ చిక్కూ లేని కాన్పయితే మొదటి నుంచి చివరి దాకా మిడ్‌వైఫ్‌లే చూస్తారు, డాక్టరు అవసరాన్ని బట్టే వస్తారు. ఆ మొదటి సమావేశం చాలాసేపు సాగుతుంది. ఇంటిల్లిపాది జబ్బులూ, మన బరువూ, మనసు ఎలా ఉందన్న సంగతీ అన్నీ అడుగుతారు. నేను భయపడిన ప్రశ్న అందులో ఒకటుంది: బిడ్డ తండ్రి మీకు రక్తసంబంధీకుడా?

మా ఆయన నాకు సొంత మేనమామ కొడుకు. మనకు ఇది వింత కాదు. కానీ ఇదే ప్రశ్నకు జవాబు చెప్పిన నా స్నేహితురాలిని వేరే ఊళ్లో ఒకామె "మీలో ఇంకా ఇలాంటి పెళ్లిళ్లు జరుగుతాయా?" అని కళ్లు పెద్దవి చేసి అడిగిందట. ఆ పిల్ల ఆ తర్వాత ఏ ప్రశ్నకూ మనసు విప్పి జవాబివ్వలేదు. నాకు దొరికిన మిడ్‌వైఫ్ అలా చేయలేదు. "ఈ ప్రశ్న ఇక్కడికి వచ్చే ప్రతి ఒక్కరినీ అడుగుతాను" అని ముందే చెప్పి అడిగింది. అవునన్నాక ముఖంలో ఏ మార్పూ లేకుండా ఒక తెల్ల కాగితం తీసి, ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు చతురస్రాలు గీస్తూ మా వంశవృక్షం వేసింది. మా అమ్మమ్మ, తాతయ్యలదీ మేనరికమే అంటే ఆ గీత కూడా కలిపింది. చిన్నప్పుడే పోయిన పిల్లలు, మాట రాని పిల్లలు ఎవరైనా ఉన్నారా అని నెమ్మదిగా అడిగింది. బ్రాడ్‌ఫర్డ్ నగరంలో వేలాది మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందనీ, పుట్టుకతో లోపం ఉండే అవకాశం మామూలుగా నూటికి మూడైతే దగ్గరి మేనరికాల్లో ఆరు దాకా ఉంటుందని అందులో తేలిందనీ చెప్పింది. "అంటే నూటికి 94 మంది పిల్లలకు ఆ ఇబ్బంది ఉండదు. కావాలంటే జన్యు సలహాదారు దగ్గరికి పంపుతాను, నిర్ణయం నీది" అంది. వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బులు తలసేమియా, సికిల్ సెల్ కోసం చేసే పరీక్ష సంగతీ అప్పుడే చెప్పింది. నిజాన్ని దాచలేదు, నన్ను తక్కువా చేయలేదు. ఆ రోజు నుంచి నేను ఆమెకు అన్నీ చెప్పడం మొదలుపెట్టాను.

ఒకసారి బావ సెలవు పెట్టి నాతో వస్తే, ఆయన్ను కాసేపు బయట కూర్చోమంది. తలుపు వేసి, ఇంట్లో నిన్ను ఎవరైనా కొడుతున్నారా, బెదిరిస్తున్నారా, డబ్బు చేతికి ఇవ్వకుండా చేస్తున్నారా అని అడిగింది. గర్భిణులందరినీ ఒంటరిగా ఉన్నప్పుడే ఇలా అడగడం ఇక్కడి పద్ధతి. బావ నొచ్చుకున్నాడు. "నన్ను దొంగలా చూశారు" అన్నాడు దారంతా. మా వీధిలోనే ఉండే ఇంకో తెలుగు అమ్మాయి సంగతి చెప్పాక గానీ మెత్తబడలేదు. ఆమెకు ఇంగ్లీషు రాదు. ప్రతి ప్రశ్నకూ భర్తే జవాబిచ్చేవాడు. ఒక మిడ్‌వైఫ్ అది ఒప్పుకోకుండా ఫోనులో తెలుగు దుబాసీని పిలిపించింది. అవతలి నుంచి మగగొంతు వినగానే ఈ పిల్ల తల దించుకుని నోరు మూసుకుంది. మిడ్‌వైఫ్ అది గమనించి, ఆ ఫోను పెట్టేసి, ఆడమనిషిని ఇవ్వమని మళ్లీ చేసింది. దుబాసీకి మనం డబ్బు కట్టనక్కరలేదు, ఆడమనిషే కావాలని కోరవచ్చు. ఈ రెండు సంగతులూ మన వాళ్లలో చాలామందికి తెలియవు. ఆ ఫోనులో ఒక పెద్దావిడ "ఏమ్మా, ఎలా ఉన్నావు?" అనగానే ఏడుపు ఆగలేదని ఆ అమ్మాయి నాతో చెప్పింది. పరాయి దేశంలో కడుపుతో ఉండి, సొంత మాటలో ఆ పలకరింపు వినడం ఎంత అవసరమో నేను అర్థం చేసుకోగలను.

తర్వాత చక్కెర వచ్చిపడింది. దక్షిణాసియా మూలాలున్న గర్భిణులకు ఇక్కడ 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజు పరీక్ష చేస్తారు. ఇక్కడి కొలతలో పరగడుపున 5.6, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 7.8 హద్దులు. మన లెక్కలో సుమారు 100, 140 అన్నమాట. నాకు రెండోది దాటింది. పోషకాహార నిపుణురాలు ఇచ్చిన కరపత్రంలో గోధుమ బ్రెడ్డు, పాస్తా, ఓట్సు, బంగాళాదుంపల బొమ్మలున్నాయి. నేను తినేది అందులో ఒక్కటీ లేదు. కరపత్రం చూపించి ఇదెలా అంటే మా మిడ్‌వైఫ్ దాన్ని పక్కన పెట్టి, "నిన్న పొద్దున లేచింది మొదలు ఏమేమి తిన్నావో వరుసగా చెప్పు" అంది. ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, కూరన్నం, పెరుగన్నం, రాత్రి మళ్లీ అన్నం. ఎంత అన్నం అంటే చేత్తో చూపించాను. మరుసటి సారి వచ్చేటప్పుడు ఆ గిన్నె తెమ్మంది. ఇంట్లో అన్నం పెట్టుకునే స్టీలు గిన్నె సంచిలో వేసుకుని వెళ్లాను. దాంట్లో నీళ్లు పోసి కొలిచి, ఎక్కడిదాకా పెట్టుకోవాలో గోటితో గీత చూపించింది. ముందు కూర, పప్పు ఎక్కువగా తినమంది, అన్నం చివర్లో కలుపుకోమంది, రాత్రికి జొన్నరొట్టెకు మారగలవా అని అడిగింది. పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టుండదని నేనంటే నవ్వి కొట్టిపారేయలేదు, "అయితే దానికి చోటు మిగుల్చుకుని ముందు తగ్గించు" అంది. నా కాగితాల్లో పెరుగన్నం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం నా కళ్లతో చూశాను. పరగడుపున 5.3, తిన్న గంటకు 7.8 లోపు ఉండాలి. వేలు గుచ్చుకుంటూ చూసుకుంటే రాగిజావ నా చక్కెరను అన్నం కంటే ఎక్కువ పెంచిందని తెలిసింది, జొన్నరొట్టె పెంచలేదు. ఆ కరపత్రం ఒక్కటే నమ్ముకుని ఉంటే నేను నాలుగు రోజులు బ్రెడ్డు తిని, ఐదో రోజు ఎవరికీ చెప్పకుండా అన్నం వండుకునేదాన్ని.

అమ్మ ఎనిమిదో నెల నిండాక వచ్చింది. తల్లికి చక్కెర ఉంటే పుట్టిన బిడ్డకు చక్కెర పడిపోవచ్చు. అందుకని 36వ వారం తర్వాత ముర్రుపాలు కొద్దికొద్దిగా పిండి, చిన్న సిరంజీల్లో పట్టి గడ్డకట్టించి దాచుకోమన్నారు. అమ్మ కంగారుపడింది. కడుపులో బిడ్డ ఉండగా పాలు పిండడమేమిటి, నొప్పులు రావూ, దిష్టి తగలదూ అంది. మా మిడ్‌వైఫ్ ఇంటికి వచ్చినప్పుడు నాతో చెప్పి ఊరుకోకుండా, స్పీకరు ఫోనులో దుబాసీని పెట్టి అమ్మనే అడిగింది, "మీకు దేని గురించి భయం?" అని. అమ్మ అన్నీ చెప్పింది. నొప్పులు వస్తాయేమోనన్న అనుమానం తమకూ ఉండేదనీ, చక్కెర ఉన్నా వేరే చిక్కులు లేని తల్లుల మీద ఆస్ట్రేలియాలో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయనీ, హాని కనబడలేదనీ వివరించింది. దిష్టికి మాత్రం "మీరేం చేస్తారో అది చేయండి" అంది. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా కాలంలో ఆ పాలు పిండి పారబోయించేవాళ్లమ్మా. నీకు కూడా నేను పట్టలేదు" అని నా వైపు చూసింది. మర్నాటి నుంచి సిరంజీల మీద పేరు, తేదీ అంటించే పని అమ్మే తీసుకుంది.

చక్కెర ఉంది కనుక 40 వారాల 6 రోజులు దాటనివ్వరు. నొప్పులు తెప్పించడానికి ఒక తేదీ చెప్పారు. ఆ రోజు అమావాస్య. నాకు పట్టింపు పెద్దగా లేదు, అమ్మకు ఉంది, ఊళ్లో అత్తయ్యకు ఇంకా ఉంది. ఇక్కడివాళ్లతో ఈ మాట ఎలా అనాలో తెలియక సరేనన్నాను. మిడ్‌వైఫ్ రాస్తున్న కలం ఆపి, "ఈ తేదీతో ఏదో ఇబ్బంది ఉంది, చెప్పు" అంది. చెప్పాను. ఆమె లేచి వెళ్లి డాక్టరును కలిసి వచ్చింది. రెండు రోజులు అటైనా ఇటైనా వైద్యపరంగా తేడా లేదంది. "కానీ ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా ఇక ఏ రోజూ చూడను. అది మీ అమ్మగారికి సమ్మతమేనా?" అంది. అమ్మ వెంటనే ఒప్పుకుంది. విదియ నాడు మొదలుపెట్టారు. మన దగ్గర ముహూర్తం కోసం అవసరం లేని కోతలు కోయించుకోవడం నేను చూశాను, దాన్ని ఏనాడూ సమర్థించను. ఇక్కడ జరిగింది అది కాదు. ఏది కుదురుతుందో, ఏది కుదరదో ముందే గీత గీసి చెప్పి, ఆ గీతకు లోపల మా మాట నిలబెట్టారు.

కాన్పు గదిలో బావ, అమ్మ ఇద్దరూ నాతో ఉన్నారు. నా మెడలో పుస్తెలు, కాళ్లకు మెట్టెలు ఉన్నాయి. ఆ రోజు డ్యూటీలో ఉన్న మిడ్‌వైఫ్ వాటిని చూసి, ముట్టుకోకుండా, "ఇవి తీయడం నీకు ఇష్టమేనా? ఉంచుకోవచ్చు. ఆపరేషన్ అవసరమైతే కరెంటు పరికరాల వల్ల చర్మం కాలకుండా టేపు చుడతాం" అంది. ఉంచుకుంటానన్నాను. మెట్టెలకు అప్పుడే తెల్ల టేపు చుట్టింది. పుస్తెలతాడు చెమటకు మెడకు అంటుకుని బాధపెడుతుంటే చివరికి నేనే తీసి అమ్మకు ఇచ్చాను. తీసిన వస్తువు అదే, తీసిన చెయ్యి నాది. ఈ తేడా నాకు ఎంత పెద్దదో మాటల్లో చెప్పలేను.

నొప్పులకు నైట్రస్ ఆక్సైడు, ఆక్సిజను సగం సగం కలిపిన గాలి పీల్చుకున్నాను. మధ్యలో మిడ్‌వైఫ్ అమ్మతో మాట కలిపింది. నేనే అటూ ఇటూ తర్జుమా చేశాను, నొప్పి రాగానే ఆపుతూ. మీరు ఎలా కన్నారు అని అడిగితే అమ్మ, తాను ఆసుపత్రిలో బల్ల మీద కన్నాననీ, తన తల్లి మాత్రం ఇంట్లోనే మంచం కోడు పట్టుకుని గొంతుక్కూర్చుని ఐదుగురిని కన్నదనీ, మంత్రసాని వెనక నుంచి నడుము పట్టుకునేదనీ చెప్పింది. "అది మంచి పద్ధతే. నీకు ఎలా వీలుగా ఉంటుందో అలా ఉండు" అంది మిడ్‌వైఫ్ నాతో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సిఫార్సులు కూడా అదే చెబుతాయి. ఏ భంగిమలో కనాలన్నది తల్లి ఇష్టం, పొట్ట నొక్కకూడదు, అలవాటుగా కోత వేయకూడదు, తల్లి కోరుకున్న తోడు పక్కన ఉండాలి. బిడ్డ గుండె చప్పుడు చూసే యంత్రం తీగ లేనిది కావడం వల్ల నేను లేచి నిలబడగలిగాను. చివరికి మంచం మీద మోకాళ్ల మీద ఉండి, తలవైపు ఎత్తిన భాగాన్ని వాటేసుకుని కన్నాను. అమ్మ నా నడుము పట్టుకుంది. కోత పడలేదు, చిన్న చీలికకు కుట్లు పడ్డాయి.

బొడ్డు తండ్రి కోస్తాడా అని ఇక్కడ అందరినీ అడుగుతారు. బావ నా వైపు చూశాడు. మిడ్‌వైఫ్ కూడా నా వైపే చూసింది. "అత్త కోస్తుంది" అన్నాడు బావ. అమ్మ వణుకుతున్న చేత్తో కోసింది. మాయ ఇంటికి తీసుకెళతారా అని కూడా అడిగారు. మన ఊళ్లలో పాతిపెట్టే అలవాటు వాళ్లకు తెలుసని కాదు, తీసుకెళ్లేవాళ్లు ఉంటారు కనుక అందరినీ అడుగుతారట. అద్దె ఇంట్లో మనది కాని మట్టిలో ఎందుకని అమ్మే వద్దంది.

అంతా ఇలాగే జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఆ రాత్రి నన్ను వార్డుకు మార్చారు. చక్కెర తల్లుల బిడ్డలకు పాలు పట్టే ముందు మడమ గుచ్చి చక్కెర చూస్తూ ఒక రోజంతా కనిపెట్టి ఉంటారు. బావనూ అమ్మనూ ఇంటికి పంపేశారు. బిడ్డ రొమ్ము పట్టడం లేదు. గంట నొక్కితే వచ్చిన మిడ్‌వైఫ్ నన్ను ఒకసారి చూసి, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "మీ తల్లులు మొదటి పసుపు పాలు పారబోస్తారు. అలా చేయకూడదు. అవి బిడ్డకు మంచివి." ఆ పాలు నా పేరుతో, మా అమ్మ అంటించిన చీటీలతో అదే వార్డు ఫ్రిజులో ఉన్నాయి. చెప్పాను. ఆమె సరేనని వెళ్లిపోయింది, చాలాసేపు రాలేదు. మళ్లీ గంట నొక్కి, పట్టించడం ఎలాగో చూపించమంటే, "పొద్దున మీ అమ్మ వస్తుంది కదా, మీవాళ్లకు ఇంట్లో సాయం బాగా ఉంటుంది" అంది. కుట్లు లాగుతున్నాయి, నొప్పి మాత్ర కావాలన్నాను. కాన్పు అంటే నొప్పి ఉంటుంది అంది. పక్క మంచం మీది తెల్ల అమ్మాయి అడిగిన వెంటనే మాత్ర వచ్చింది. చివరికి ఆ అమ్మాయే నా తరఫున గంట నొక్కింది.

ఆ మిడ్‌వైఫ్ నన్ను తిట్టలేదు, గొంతు పెంచలేదు. ఆమెకు మన గురించి కొంత తెలుసు కూడా. ముర్రుపాలు పారబోసే అలవాటు నిజంగా ఉండేది, కాన్పుకు తల్లి తోడు రావడం నిజం. ఎక్కడో శిక్షణలో విని ఉంటుంది, లేదా చాలామందిని చూసి ఉంటుంది. ఆ తెలిసిన దాన్ని నా ముఖం మీద అతికించి, నన్ను చూడటం మానేసింది. దక్షిణాసియా ఆడవాళ్లు నొప్పిని పెద్దది చేసి చెబుతారన్న అభిప్రాయం ఇక్కడి వార్డుల్లో ఎప్పటి నుంచో ఉంది. ఇక్కడి వైద్య సేవల్లో జాతుల మధ్య తేడాలను పరిశీలించే ఎన్‌హెచ్‌ఎస్ రేస్ అండ్ హెల్త్ అబ్జర్వేటరీ 2022లో వేసిన సమీక్షలో కూడా ఇలాంటి మూస అభిప్రాయాల ప్రస్తావన ఉంది. ఇది మనసు నొచ్చుకోవడంతో ముగిసిపోయే విషయం కాదు. బ్రిటన్‌లో తెల్లజాతి తల్లులతో పోలిస్తే ఆసియా మూలాల తల్లుల మరణాల రేటు దాదాపు రెట్టింపు ఉందని 2023 నాటి జాతీయ నివేదిక చెప్పింది. దానికి కారణాలు చాలా ఉంటాయి. కానీ నొప్పి అంటే వినని చెవి వాటిలో ఒకటి కాదని నన్ను ఎవరూ ఒప్పించలేరు.

తిండి, స్నానం విషయాల్లో మాత్రం మేమే అటూ ఇటూ సర్దుకున్నాం. కాన్పు కాగానే ఇక్కడ టీ, కాల్చిన బ్రెడ్డు ఇస్తారు, కాసేపట్లో స్నానం చేయమంటారు. అమ్మ ఫ్లాస్కులో వేడి అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, వాము నీళ్లు తెచ్చింది. ఎవరూ వద్దనలేదు. కుట్లు శుభ్రంగా ఉండాలంటే ఒంటికి నీళ్లు పడాలన్నది వాళ్ల మాట, తలకు పడకూడదన్నది అమ్మ మాట. వేడి నీళ్లతో ఒళ్లు కడుక్కుని తల తడవకుండా బయటికి వచ్చాను. ఇద్దరికీ అభ్యంతరం లేకపోయింది.

ఇంటికి వచ్చాక మళ్లీ మొదటి నుంచి నన్ను చూసిన మిడ్‌వైఫే వచ్చింది. డిశ్చార్జి మర్నాడు ఒకసారి, మడమ రక్తపరీక్షకు ఐదో రోజున ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి. గుమ్మంలోనే చెప్పులు విప్పాలా అని అడిగి విప్పింది. బిడ్డకు కామెర్లు ఉన్నాయేమోనని చూసేటప్పుడు చర్మం రంగు చూసి వదిలేయలేదు. కళ్లలో తెలుపు, చిగుళ్లు, అరికాళ్లు వెలుతురులో పెట్టి చూసింది. మనలాంటి ఒంటి రంగున్న పిల్లల్లో చర్మాన్ని చూసి కామెర్లు పట్టుకోవడం నమ్మదగింది కాదని 2023లో ఇక్కడ ఒక సమీక్ష తేల్చింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. పసుపు గానీ నలుగు గానీ రాశారా అని అమ్మను అడిగింది. ఇంకా రాయలేదంటే, పరీక్షలు అయ్యేదాకా ఆగమంది. బిడ్డ నడుము కింద నీలిరంగు మచ్చలుంటే కొలిచి, బొమ్మ గీసి, బిడ్డ ఆరోగ్య వివరాలు రాసుకునే ఎర్ర పుస్తకంలో రాసింది. మన పిల్లల్లో అవి మామూలే. రాసి లేకపోతే రేపు ఎవరైనా చూసి దెబ్బల గుర్తులనుకునే ప్రమాదముంది. పుట్టిన పిల్లలున్నవాళ్లు ఆ మచ్చలు పుస్తకంలో రాశారో లేదో దయచేసి చూసుకోండి. కాటుక సంగతీ అడిగింది. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, కంట్లో పెట్టవద్దు అంది. దిష్టిచుక్క అరికాలికి పెడతానంది అమ్మ. దానికి ఆమె ఏ అడ్డూ చెప్పలేదు.

కొన్ని వారాలయ్యాక, కాన్పు గురించి మాట్లాడుకోవడానికి ఆసుపత్రి ఏర్పాటు చేసిన సేవకు రాసుకున్నాను. చాలా ఆసుపత్రుల్లో ఈ వీలు ఉంది. అనుభవమున్న ఒక మిడ్‌వైఫ్ మన కాగితాలన్నీ ముందు పెట్టుకుని, ఏది ఎందుకు జరిగిందో చెబుతుంది, మనం చెప్పేది వింటుంది. ఆ రాత్రి గురించి చెప్పాను. సిరంజీల సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. నా పేరు లేకుండా సిబ్బంది శిక్షణలో చెప్పవచ్చా అని అడిగింది. చెప్పమన్నాను. ఆ రాత్రికి ముందు కలిసిన మిడ్‌వైఫ్ గురించి కూడా అంతే వివరంగా రాయించాను, పెరుగన్నంతో సహా.

ఇప్పుడు మా చెల్లెలు ఖమ్మంలో కడుపుతో ఉంది. ప్రభుత్వ ఆసుపత్రికి వెళుతోంది. తెలంగాణలో 2017 నుంచి నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తున్నారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సమయంలో ఒక ఆడతోడు ఉండవచ్చని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తోడు తాను కాన్పు అయిన మనిషై ఉండాలి, అంటు జబ్బులు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, చివరిదాకా ఉండాలి. ఇవన్నీ చెల్లికి చెప్పి, నొప్పులు రాకముందే వెళ్లి అడగమన్నాను. వెళ్లింది. అమ్మ లోపల ఉండవచ్చన్నారు, ఉతికిన బట్టలతో రమ్మన్నారు. పుస్తెల గురించి అడిగితే అక్కడి నర్సు కాసేపు ఆలోచించి, "మేమెప్పుడూ అడగలేదమ్మా, తీసేస్తాం అంతే. నీకు వద్దంటే రాసి పెడతాను" అందట. పడుకునే కనాలా అన్నదానికి మాత్రం డ్యూటీలో ఉండే మిడ్‌వైఫ్‌నే అడగమంది. ఆమె ఏ వారం పగటి డ్యూటీలో ఉంటుందో కనుక్కుని చెల్లి సోమవారం మళ్లీ వెళుతోంది.